అడగక ముందే జవాబు

“మీ పాఠం మంచిగ పనిచేసింది మేడం. లోపల మనిషి పాణం పోతుంటే మావోళ్లు బయట కూసొని అరగంట ముచ్చట పెట్టిండ్రు.”

ఇన్‌స్పెక్టర్ మహిధర్ ఆ మాటను వాకిట్లో ఉన్న అందరికీ వినబడేలా అన్నాడు. పద్మారాణి జీపు దిగి, బద్దలైన తలుపు రెక్కను ఒకసారి చూసి, చేతులకు తొడుగులు వేసుకుంది. కోపం రాలేదని కాదు. తనూ ఇన్‌స్పెక్టరే, తిరిగి అనగలదు. కానీ సాయంత్రంలోగా రిపోర్టు ఇవ్వమని ఎస్పీ గడువు పెట్టి పంపాడు. మహిధర్‌తో తగువుకు ఆ గడువులో చోటు లేదు.

తాండూరు శివార్లలో, నాపరాయి గనులకు ఆనుకుని ఉన్న ఈ ఇంట్లో నిన్న ఇమ్మానుయేలు చనిపోయాడు. ముప్ఫై రెండేళ్లవాడు. ఐదేళ్లుగా మానసిక జబ్బుకు మందులు వాడుతున్నాడు. నిన్న పదకొండుంబావుకు ఎవరో వికారాబాద్‌లోని కంట్రోల్ రూంకు ఫోన్ చేశారు. తాను అన్ననని, తమ్ముడు గదిలో గడియ పెట్టుకుని, కత్తి పట్టుకుని, చస్తానని అరుస్తున్నాడని చెప్పారు. ఫోనెత్తిన నిరోషా గస్తీ బండిని పంపుతూ మూడు మాటలు చెప్పింది. సైరన్ వద్దు. తలుపు పగలగొట్టొద్దు. దూరంగా ఉండి నెమ్మదిగా మాట్లాడండి.

ఆ మూడూ పద్మారాణి నేర్పినవే. మనసు చెదిరిన మనిషి దగ్గరికి లాఠీతో కాకుండా మాటతో ఎలా వెళ్లాలో రెండు నెలల కింద ఆమె ఆరు రోజుల శిక్షణ ఇచ్చింది. గస్తీ కానిస్టేబుళ్లు, ఫోన్లెత్తే అమ్మాయిలు, గనుల సేఫ్టీ అధికారులు, అంతా కలిసి నలభై మంది కూర్చున్నారు. ఆ శిక్షణ తర్వాత ఇద్దరు మనుషులు చావు అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చారు. ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. ఈ చావు మాత్రం పొద్దున్నే మొదటి పేజీలో వచ్చింది. నిరోషాను సస్పెండ్ చేయాలని, క్లాసులు ఎత్తేయాలని పైనుంచి ఒత్తిడి మొదలైంది.

“బాల్‌రాజ్ ఎక్కడ?” అంది పద్మారాణి.

నిన్న తలుపు బయట కూర్చుని మాట్లాడిన కానిస్టేబుల్ అతనే. ముందుకు వచ్చి సెల్యూట్ చేశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏమనుకున్నవో వద్దు. ఏం చూసినవో, ఏం విన్నవో గది చెప్పు.”

“పదకొండున్నరకు వచ్చినం మేడం. గల్లీ అవతల్నే సైరన్ బంద్ చేసినం. గీ ముందటి అర్రల ఎవ్వరు లేరు. లోపలి అర్రకు లోపల్నుంచి గడియ ఉండె. ఫోన్ల ప్రార్థన పాటలు మోగుతున్నై. నేను తలుపుకు జర దూరంగ కింద కూసున్న. ‘ఇమ్మానుయేలూ, నా పేరు బాల్‌రాజ్, నీకు మదత్ చేయనీకి వచ్చిన’ అన్న.”

“జవాబిచ్చిండా?”

“లేదు. చప్పుడు లేకపోతే పరేషాన్ కావొద్దు, ఇంటున్నడనే అనుకొని మాట్లాడాలని మీరే చెప్పిండ్రు గద. నా బిడ్డ కాలేజీ ముచ్చట చెప్పిన. మా తమ్ముడు గూడ గిట్లనే ఉండె, ఇప్పుడు మంచిగైండు అని చెప్పిన. పన్నెండు దాటినంక మనసాగలే. తలుపు తన్నినం.” పగిలిన తలుపు వైపు చూపించాడు. “మెడకాడ కోసుకొని పడి ఉండె. పక్కన కత్తి. ఇంక పాణముందేమో అని తల లేపి నీళ్లు తాపబోయిన. నోరు తెరువలే మేడం. దవడ గట్టిగ బిగుసుకపోయింది.”

పద్మారాణి తలెత్తింది. “మళ్లీ చెప్పు.”

“దవడ మేడం. మెడ గూడ. చేతులు మెత్తగనే ఉండె.”

“నెత్తురు?”

“ఎండింది. నా ప్యాంటుకు అంటలే.”

ఆమె నెమ్మదిగా అంది. “పాణం పోయిన వెంటనే దవడ బిగుసుకోదు బాల్‌రాజ్. రెండు గంటలన్నా పడతది. నువ్వు వచ్చే సరికే అతను చచ్చిపోయి చాలా సేపైంది. నీ ఆలస్యంతోని పోలేదు.”

బాల్‌రాజ్ ముఖంలో ఊరట కనబడుతుందనుకుంది. కనబడలేదు. అతను గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“అంటే నేను గంతసేపు పీనుగతోని మాట్లాడిన్నా మేడం?”

మహిధర్ దగ్గరికి వచ్చాడు.

“ఎండలు మండుతున్నై. మందులు మింగే ఒళ్లు. తొందరగ బిగుసుకపోయి ఉంటది. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు టైము ఏం రాయలే.”

“మీరు అడగలే కాబట్టి రాయలే. ఇందాక తొవ్వల నేను ఫోన్ చేసి అడిగిన. పది లోపల్నే పాణం పోయిందన్నడు.”

“పోనీ, పదికే కోసుకున్నడు అనుకుందాం. అయినా ఆత్మహత్యే గద?”

“పదకొండుంబావుకు ఫోన్ చేసినాయన, నా తమ్ముడు అరుస్తున్నడు అన్నడు. గంట కింద చచ్చినోడు ఎట్ల అరిచిండు మహిధర్ గారూ?”

మహిధర్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. “భయంల ఏదో అని ఉంటడు.”

“ఆ అన్న దొరికిండా?”

“సిమ్ము కర్ణాటకది. సేడంల ఎవనిదో పోయిన ఫోన్. దాని వెంబడి పడుడు దండుగ. లోపల్నుంచి గడియ. కిటికీకి ఇనుప ఊచలు. ఆ అర్రలకు పోనీకి, రానీకి ఇంకో తొవ్వ చూపియ్యుండ్రి, మీరు చెప్పినట్టు ఇంట.”

“చూద్దాం పాండి,” అంటూ ఆమె లోపలికి నడిచింది.

గది చిన్నది. ఒక మంచం, గోడకు శిలువ, గూట్లో బైబిలు, మందుల డబ్బా. గనుల పక్క ఇళ్లన్నిటిలాగే గోడలకు ఇటుక లేదు. ఛాతీ ఎత్తు దాకా నాపబండలు నిలువుగా పాతి, సందుల్లో మట్టి పెట్టి, లోపలి వైపు సున్నం కొట్టారు. పద్మారాణి నేల చూసింది, గడియ చూసింది, ఊచలు పట్టి ఊపింది. ఏదీ కదల్లేదు. మహిధర్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె మంచం మీద కూర్చుని గోడలను ఒక్కొక్క బండే చూడడం మొదలుపెట్టింది. సున్నం కొట్టిన మనిషి మొరటుగా కొట్టాడు. ప్రతి బండ మీదా చారలు కారి, కింద బొట్టుగా ఆగి ఎండిపోయాయి. ఒకటి, రెండు, మూడు. అన్నీ ఒకే తీరు. మంచం తలవైపున్న బండ దగ్గర ఆమె చూపు ఆగింది. లేచి, మంచం పక్కకు జరిపింది.

“మహిధర్ గారూ, మీ దిక్కు సున్నం కిందికి కారుతదా, మీదికి కారుతదా?”

“గదేం ప్రశ్న?”

“ఈ బండ మీద బొట్లు చూడండి. అన్నీ మీద ఉన్నై.”

అతను దగ్గరికి వచ్చి వంగాడు. ఆ ఒక్క బండ మీద చారలు కింద లావుగా మొదలై, పైకి పోయి బొట్లుగా ఆగాయి. బండను ఎవరో తీసి, మళ్లీ పెట్టారు. పెట్టేటప్పుడు తలకిందులైంది. పద్మారాణి సందులోని మట్టిని వేలితో గీకింది. పైపొర ఎండింది, లోపల ఇంకా తడిగా ఉంది.

“బాల్‌రాజ్, ఇంటి వెనక్కి పోయి తొయ్యి.”

గడ్డపార ఆనించి తోస్తే బండ సుళువుగా ఒరిగింది. మనిషి పాకి వచ్చేంత కంత తెరుచుకుంది. అవతల గని వాళ్లు పారబోసిన రాతి ముక్కల గుట్ట, దాని చాటున ఎవరూ తిరగని డొంక. గడియ పెట్టిన తలుపు మహిధర్‌కే కాదు, తనకూ ఆత్మహత్య అనే కనబడేలా ఎవరో అమర్చారు. పోలీసులే వచ్చి, తలుపు ముందు కూర్చుని, సాక్ష్యం చెప్పేలా పిలిచి మరీ అమర్చారు.

“బండల పని తెలిసినోడు చేసిండు,” అంది.

“తాండూరుల బండల పని తెల్వనోడెవడు? ఇల్లు కట్టినప్పుడే తలకిందులు పెట్టిండ్రేమో. మట్టి మొన్న మెత్తిండ్రేమో.” ఆ మాట మీద మహిధర్‌కే నమ్మకం లేదని గొంతు చెబుతోంది. అయినా వెనక్కి తగ్గలేదు. “నేను ఆత్మహత్య అని రిపోర్టు పంపిన. ఒక్క పిచ్చోని చావుకు...”

“ఇమ్మానుయేలు. పేరుంది ఆయనకు.”

“సరే, ఇమ్మానుయేలు. ఒక్క ఇమ్మానుయేలు చావుకు ఇంత పెద్ద కథ అల్లుతున్నరంటే మీ క్లాసును కాపాడుకోనీకే అని అందరంటరు.”

“అననీయండి. ఈ ఇంటికి ఇద్దర్ని కాపలా పెట్టండి.”

“దర్గా ఉరుసు బందోబస్తుకే మనుషులు సాలుతలేరు. ఉన్న బాల్‌రాజ్‌ను గూడ తీస్కపోతున్న. కావాల్నంటే ఎస్పీ సారుతోని చెప్పియ్యుండ్రి.”

అతను బూట్లు టకటకలాడిస్తూ వెళ్లిపోయాడు. పద్మారాణి ఎస్పీకి ఫోన్ చేసింది. ఆయన మీటింగులో ఉన్నారు.

ఇందాక పక్కింట్లో కూర్చున్న ఇమ్మానుయేలు తల్లి చంద్రవ్వ, పోలీసులు పోవడం చూసి ముందు గదిలోకి వచ్చి గోడకానుకుంది. పప్పు మిల్లులో పనిచేస్తుంది. నిన్న పొద్దున ఎనిమిదికే మిల్లుకు వెళ్లి, కబురు అందాక పరుగెత్తుకొచ్చింది. పక్కన ఆమె చెయ్యి పట్టుకుని నలభై ఏళ్ల మనిషి ఈశ్వరమ్మ కూర్చుంది. నాలుగిళ్ల అవతల ఉంటుంది. నిన్నటి నుంచి ఈ ఇంటి పని ఆమే చూస్తోంది.

పద్మారాణి కింద కూర్చుంది. “అవ్వా, నీ కొడుక్కు అన్న ఉన్నడా?”

“యాడి అన్న బిడ్డా? నాకు వాడొక్కడే.”

“చిన్నాయన కొడుకులు, పెద్దమ్మ కొడుకులు? అన్న అని చెప్పుకునేటోళ్లు?”

“ఎవ్వరు లేరు. పిచ్చోనింటికి ఎవరొస్తరు? చర్చిల అయ్యగారు, గనికాడోళ్లు ఎప్పుడన్న వస్తరు, గంతే.” చంద్రవ్వ ముక్కు చీదుకుంది. “నాలుగు నెల్ల సంది మంచిగుండె బిడ్డా. మందులు నేను ఇయ్యకముందే అడిగి మింగెటోడు. నిన్న పొద్దుగాల నాతోని చాయ తాగిండు. సందెకాడ శాపలు తెస్త, పులుసు పెట్టు అన్నడు. సచ్చెటోడు శాపల పులుసు అడుగుతడా?”

“ఇదివరకు జబ్బు ఎట్ల ఉండె?”

“చెవుల మాటలు వినబడ్తున్నయనెటోడు. కోమటోళ్ల దుకాణపాయన తనను సంపనీకి వస్తున్నడనెటోడు. నీళ్లల్ల మందు కలిపిండ్రనెటోడు. మందులు పడినంక ఒక్కొక్కటి పోయినై. ఒక్క మాట మాత్రం పోలే.”

“ఏ మాట?”

చంద్రవ్వ ఈశ్వరమ్మ వైపు చూసింది. ఈశ్వరమ్మే చెప్పింది.

“నా పెనిమిటి ముచ్చట మేడం. మొగులప్ప గుంతల ఉన్నడు, నడుముకు బండ కట్టిండ్రు, ఊపిరాడ్తలేదు అనెటోడు. నేను కనబడితే ఏడ్సెటోడు. పోలీసులకు గూడ మస్తుసార్లు ఫోన్ చేసిండు.”

“నీ భర్త ఎక్కడున్నడు?”

“పోయిన వానకాలం పూనా పోయిండు పనికి. నాకు చెప్పకుంటనే పోయిండు. గనికాడ అడిగితే పూనా లారీ ఎక్కిండని చెప్పిండ్రు. గప్పటి సంది ఫోన్ కలుస్తలేదు.” ఆమె గొంతు తగ్గించింది. “వాని మాట వింటే నాకు నిద్ర పట్టకపోయేది. కని పిచ్చోని మాట గదా అని ఊకున్న.”

పద్మారాణి లేచి నిలబడింది.

ఆ మాటలు ఆమె విన్నది. ఒక్కసారి కాదు. కంట్రోల్ రూంలో రికార్డయిన ఆ ఫోన్‌ను ఆమే ఎంచుకుని శిక్షణలో నలభై మందికీ వినిపించింది. ‘గని గుంతల మొగులప్ప ఉన్నడు మేడం, బండ కట్టిండ్రు, జల్ది రాండి’ అని ఇమ్మానుయేలు గొంతు హాలంతా మోగింది. భ్రమలో ఉన్నవాడితో వాదించొద్దు, అవునని కూడా అనొద్దు, అతని భయాన్ని మాత్రం వినండి అని ఆమె చెప్పింది. అందరూ తలలూపారు. ఆ గుంత దాకా పోయి చూసి రావాలని నలభై ఒక్క మందిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ నలభై మందిలో ఒక్కడికి మాత్రం ఇంకో సంగతి తట్టి ఉంటుంది. తనను చూసిన సాక్షి ఒకడు బతికి ఉన్నాడని.

మందులకు భ్రమలన్నీ పోయాయి. ఇది పోలేదు. ఇది భ్రమ కాదు గనక.

“అవ్వా, నాతోని వికారాబాద్ రావాలె. నిన్న ఫోన్ చేసినోని గొంతు వినిపిస్త. ఈశ్వరమ్మా, నువ్వు గూడ రా.”

“నేనెట్ల వస్త మేడం? పరామర్శకు వచ్చిపోయెటోళ్లు ఉంటరు. మేకలు ఉన్నై. నేను ఈడనే ఉంట, మీరు పోయిరాండి.”

పద్మారాణి రెండోసారి చెప్పింది. ఈశ్వరమ్మ వినలేదు. పట్టపగలు, నలుగురు తిరిగే గల్లీ. పద్మారాణి చంద్రవ్వను జీపు ఎక్కించింది.

వికారాబాద్ చేరేసరికి ఒంటిగంట దాటింది. సస్పెన్షన్ ఆర్డరు ఇంకా చేతికి రాలేదు కాబట్టి నిరోషా తన సీట్లోనే ఉంది. ఇరవై ఐదేళ్లుంటాయి. పక్క సీట్ల వాళ్లు ఆమెతో మాట్లాడడం మానేశారని చూడగానే తెలుస్తోంది. చంద్రవ్వను చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఏమనాలో తెలియక చేతులు జోడించింది. చంద్రవ్వ తల అడ్డంగా ఊపి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“నిరోషా, ఆ ఫోన్ మాట్లాడుతుంటే నీకు ఏమన్న తేడా అనిపించిందా? చిన్నదైనా సరే.”

“ఒకటి అనిపించింది మేడం. గప్పుడు దాని మీద మనసు పెట్టలే.” నిరోషా పెదవి కొరుక్కుంది. “ఇంట్ల మనిషి చస్త అంటుంటే ఫోన్ చేసెటోళ్లు ఎట్ల మాట్లాడ్తరు? ఏడుస్తరు, తిడ్తరు, జల్ది రాండి అంటరు. ఊరి పేరు చెప్పించేందుకే నా తల ప్రాణం తోకకొస్తది. ఈయనైతే ఇల్లు ఎక్కడుందో చెప్పిండు, చేతిల ఏముందో చెప్పిండు, ఇంట్ల ఇంకెవరున్నరో, ఏం మందులు వాడ్తడో, ఏం చూస్తే బెదురుతడో చెప్పిండు. వరుసగ. నేను ఇంకా ప్రశ్న అడగకముందే.”

“మనం క్లాసుల నేర్చుకున్న వరుస.”

“అదే మేడం. ఏం చెప్తే నేను సైరన్ ఆపిస్తనో, ఏం చెప్తే తలుపు కొట్టొద్దంటనో ఆయనకు ఎరుకే. నా నోట్ల మాట ఆయనే పెట్టిండు.” కళ్లు తుడుచుకుంది. “ఇమ్మానుయేలు ఫోన్లు గూడ నాకే వచ్చేవి మేడం. మెత్తగ మాట్లాడేదాన్ని. మెత్తగ మాట్లాడి పెట్టేసేదాన్ని.”

పద్మారాణి రికార్డు పెట్టించింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న మగ గొంతు. చంద్రవ్వ చెవి ఒగ్గి వింది. మళ్లీ వేయించుకుంది.

“విన్న గొంతే బిడ్డా. యాడ విన్ననో యాదికొస్తలేదు.”

మూడోసారి వేయబోతుండగా నిరోషా ముందున్న లైను మోగింది. ఆమె అలవాటుగా ఎత్తి, స్పీకరు నొక్కబోయి ఆగింది. ముఖంలో రంగు పోయింది. పద్మారాణి వైపు చూసి స్పీకరు నొక్కింది.

“...తాండూరు, గనుల కాలనీ. నిన్న చనిపోయిన ఇమ్మానుయేలు ఇల్లు. వాళ్ల అమ్మ చంద్రమ్మ తలుపు వేసుకుంది. కొడుకు పోయిన బాధల పురుగుల మందు తాగుత అంటుంది. ఇంట్ల ఒక్కతే ఉంది. ఇంతకుముందు ఏ మందులు వాడలే. యూనిఫాం చూస్తే ఇంకా బెదురుతది. సైరన్ లేకుంట రాండి.”

అదే గొంతు. అదే వరుస.

చంద్రవ్వ స్పీకరు వైపు నోరు తెరిచి చూస్తోంది. తన చావు తనకే వినబడుతోంది. పద్మారాణి ఆమె నోటి మీద చెయ్యి పెట్టి, నిరోషాకు సైగ చేసింది. మాట్లాడించు. ఫోన్ పెట్టనియ్యకు. ఇమ్మానుయేలు విషయంలో చంపిన తర్వాతే ఫోన్ వచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఉన్నది ఈశ్వరమ్మ.

“సార్, మీరు ఆమెకు ఏమైతరు?” నిరోషా నెమ్మదిగా అడిగింది. “ఆమెకు మీ మాట మీద నమ్మకం ఉందా? మీరు తలుపుకు ఎంత దూరంల ఉన్నరు?”

పద్మారాణి మూలకు పోయి మహిధర్ నంబరు నొక్కింది. రెండో రింగుకు ఎత్తాడు.

“మహిధర్ గారూ, ఇమ్మానుయేలు ఇంటికి ఉరకండి. ఈశ్వరమ్మ అనే ఆమె లోపల ఉంది. చంపుతున్నరు. సైరన్ వేస్కొని పోండి. తలుపు పగలగొట్టండి.”

“ఇప్పుడు మీరే పగలగొట్టమంటున్నరా?”

“నేనే అంటున్న. వాదన తర్వాత పెట్టుకుందాం. ఆమెకు తర్వాత ఉండదు.”

అవతల కుర్చీ పడిపోయిన చప్పుడు. అరుపులు. జీపు స్టార్టయింది. ఈ ఒక్కసారికి అతను మారుమాట అనలేదు.

నిరోషా ఒక్కొక్క ప్రశ్నే అడుగుతోంది. అడిగిందే తిప్పి అడుగుతోంది. అవతలివాడికి విసుగు పెరుగుతోంది. ఇప్పుడు అతను ముందుగా జవాబు చెప్పడం లేదు. ఆమె ప్రశ్నలు క్లాసులో లేనివి. ఆమె వంట గురించి అడిగింది. చంద్రవ్వకు మేకలున్నాయా అని అడిగింది. నాలుగు నిమిషాలు గడిచాయి. పద్మారాణి చెవి దగ్గరున్న ఫోన్లో మహిధర్ జీపు సైరన్ మోగుతూనే ఉంది. ఉన్నట్టుండి అదే సైరన్ సన్నగా స్పీకర్లోంచి కూడా వినబడింది. క్షణక్షణానికి పెద్దదైంది. ఫోన్ చేసినవాడు ఆ గల్లీలోనే ఉన్నాడు.

స్పీకర్లో గొంతు ఆగింది. ఒక్క ఊపిరి చప్పుడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

“సైరన్ వద్దని చెప్పిన గదమ్మా?”

లైను తెగిపోయింది. అదే సమయానికి మహిధర్ కూడా ఫోన్ కట్ చేసి దిగినట్టున్నాడు.

నిరోషా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. చంద్రవ్వ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

“చంద్రమ్మ అన్నడు బిడ్డా.”

“ఏందవ్వా?”

“ఊరూ వాడా నన్ను చంద్రవ్వ అంటరు. చంద్రమ్మ అనెటోడు ఒక్కడే. నా కొడుకు గనిల పనిచేసేటప్పటి సంది ఎరుక. సుశాంత్ సారు. గనిల సేఫ్టీ సారు. వానికి రోగం ఎక్కువైతే గని బండిల ఏస్కొని దవాఖానకు తీస్కపోయింది ఆయననే.” నమ్మలేక తల అటూ ఇటూ ఊపింది. “మొన్న ఆదివారం గూడ మా ఇంటికొచ్చిండు. వానికి మందులు తెచ్చిచ్చి, రాత్రులు ఏమన్న మాట్లాడ్తున్నడా అని నన్ను అడిగిండు. ఇంక గదే గుంత ముచ్చట సారూ అని నేనే చెప్పిన బిడ్డా. నేనే చెప్పిన.”

సుశాంత్. శిక్షణలో ముందు వరుసలో కూర్చున్నవాడు. అందరికంటే చక్కగా నేర్చుకున్నవాడు. చివరి రోజు పద్మారాణి తన చేతులతో శాలువా కప్పింది అతనికే.

ఆమె మహిధర్ నంబరు నొక్కింది. ఎంగేజ్. మళ్లీ నొక్కింది. ఎంగేజ్. బాల్‌రాజ్‌కు చేసింది. ఎత్తలేదు. మళ్లీ మహిధర్‌కు చేయబోతుండగా అతని ఫోనే వచ్చింది. ఆయాసపడుతున్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేదు.

“బతికే ఉంది మేడం. ముసుగు పెట్టి పండుకున్నదాని నోట్ల బలవంతంగ మందు పోసిండ్రు. స్పృహ లేదు కని ఊపిరాడుతుంది. వెనక బండ తీసి ఉంది, వాడు ఉరికిండు. బాల్‌రాజ్‌ను, మిగిలినోళ్లను గుట్ట దిక్కు తోలిన. మీరు చెప్పిందే నిజం. కాపలా పెట్టకపోవుడు నాదే తప్పు.”

“ఈశ్వరమ్మ ఎక్కడ ఇప్పుడు?”

“ఫికర్ చేయకండ్రి. అంబులెన్సు కోసం ఎదురుచూసే పని గూడ పడలే. గని అంబులెన్సు గల్లీ మొదట్లనే ఉండె. సేఫ్టీ ఆఫీసర్ సుశాంత్ అంట, మీ క్లాసుల నేర్చుకున్నాయనే. సైరన్ విని వచ్చిన అన్నడు. ఆమెను ఎక్కించుకొని ఇప్పుడే బయల్దేరిండు.”

“తోడు ఎవర్ని పంపిండ్రు?”

“ఎవర్ని పంపలే,” అన్నాడు మహిధర్. “వెనక జాగ లేదన్నడు.”